ఓల్డ్‌హామ్ పోగేసిన ఉత్తరాలు

భూమి నడిమధ్యలో కోర్ అనేదొకటి ఉందని 1906లో భూకంప రికార్డులతో చూపించినాయన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. మన సివిల్ వాళ్లు ఆ పేరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. నాకు మాత్రం ఆ కోర్ కంటే, అంతకు ముందు ఆయన పోగేసిన ఉత్తరాలే ఎక్కువ నచ్చాయి.

1858లో డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి థామస్ ఓల్డ్‌హామ్ మన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు మొదటి అధిపతి. 1869 జనవరిలో కచార్ దిక్కు భూకంపం వస్తే ఆ పెద్దాయన దాని మీద పరిశోధన చేశాడు. మనదేశంలో అంతవరకు వచ్చిన భూకంపాల పట్టిక కూడా కూర్చాడు. రెండూ అచ్చుకాకముందే 1878లో పోయాడు. మరుసటి ఏడు అదే సర్వేలో చేరిన కొడుకు వాటిని సరిచూసి అచ్చు వేయించాడు. పట్టిక 1883లో వచ్చింది.

1897 జూన్ 12 సాయంత్రం అస్సాం అదిరిపోయింది. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు కుప్పకూలాయి. నేల మీది రాళ్లు బంతుల్లాగా పైకి ఎగిరాయి. 1,500 మందికి పైగా చనిపోయారు. దూరాన ఇటలీలో ఉన్న పరికరాలు ఆ అలల్ని పట్టుకున్నాయి గానీ, మనదేశంలో దాన్ని సరిగ్గా రాసిపెట్టే సీస్మోగ్రాఫే లేదు. ఇక మిగిలింది మనుషులే.

అధికారులు, రైల్వే వాళ్లు, టెలిగ్రాఫ్ ఆఫీసులు, ఇట్ల ఎవరి దగ్గర ఏ సమాచారం దొరికితే అది తెప్పించుకున్నాడు. ఎన్ని గోడలు కూలాయి, వేలాడే వస్తువులు ఊగాయా, ఊరందరికీ తెలిసిందా, ఏ నలుగురికో తెలిసిందా అని చూసుకుంటూ మ్యాపు మీద ఒకదాని చుట్టూ ఒకటి గీతలు గీశాడు. మనం ఐసోసీస్మల్ అని చదువుకునేవి అవే. కదలిక తెలిసిన నేల మొత్తం 17.5 లక్షల చదరపు మైళ్లని తేల్చాడు. టైముల తంటా వేరే. రైళ్లు, టెలిగ్రాఫ్ మద్రాసు టైములో నడిస్తే, కలకత్తా గడియారం దానికంటే అరగంట పైనే ముందుండేది. ఎవరు ఏ గడియారం చూసి రాశారో తేల్చకపోతే ఆ ఉత్తరం ఉన్నా లేనట్టే.

1899లో రిపోర్టు వచ్చింది. అందులో తన గీతలొక్కటే వేసి ఊరుకోలేదు, వచ్చిన సమాచారాన్ని కూడా పెట్టాడు. అందుకే 2003లో అంబ్రసీస్, బిల్‌హామ్ ఆ కథనాలన్నీ మళ్లీ చదివి, చాలా చోట్ల ఓల్డ్‌హామ్ తీవ్రతను ఎక్కువ వేశాడని చెప్పగలిగారు. నా దృష్టిలో ఇది ఆయనకు చిన్నతనం కాదు. తన లెక్కను తప్పని తేల్చే సామాను కూడా తానే దాచిపెట్టిపోయాడు!

ఇదంతా మనకెందుకంటారా? 2020 జనవరి 26 తెల్లవారుజామున మా పాత నల్లగొండ జిల్లాలోని చింతలపాలెం దిక్కు రిక్టర్ స్కేల్ మీద 4.6 తీవ్రతతో భూమి కదిలింది. ఎక్కడ, ఎంత అన్నది ఎన్‌జీఆర్‌ఐ పరికరాలు చెప్తాయి. కానీ బండ మీది ఇంటికీ, కృష్ణ ఒడ్డున మెత్తటి మట్టి మీది ఇంటికీ ఊపులో ఎంత తేడా వచ్చిందో, పాత మట్టిగోడ ఏమైందో, స్లాబు ఏమైందో చెప్పాల్సింది ఆ ఇంట్లో వాళ్లే. నల్లగొండ, పాలమూరు గట్టు నేలల్లో పెద్ద భూకంపాలు అరుదు. అందుకని చిన్నవాటి గురించి ఊరోళ్లు చెప్పేదాన్ని కూడా పారేసుకోలేం, రేపు ఇక్కడ కట్టే ఇళ్లకు లెక్క అందులోంచే రావాలి.

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో 5.3 వచ్చినప్పుడు హైదరాబాద్ దాకా తెలిసింది. మా క్లాస్ గ్రూపులో ఫ్యాన్ ఊగిందని ఒకరు, మంచం జరిగిందని ఒకరు పెట్టారు. ఏమీ తెలియనోళ్లు ఏమీ పెట్టలేదు. కానీ తెలియలేదన్న ఆ ఒక్క మాట లేకుండా ఓల్డ్‌హామ్ చివరి గీత ఎక్కడ ఆగాలో ఎట్ల తెలుస్తుంది? యూఎస్‌జీఎస్ వాళ్ల ‘డిడ్ యూ ఫీల్ ఇట్’ ఫారంలో తెలియలేదని చెప్పే వీలు కూడా ఉంది.

ఆరోగ్యం బాగాలేక 1903లో సర్వే వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. 1911లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. పని మాత్రం ఆపలేదు. దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, 1926లో, 1819 నాటి కచ్ భూకంపం మీద పాత కథనాలు తిరగేసి మరో రిపోర్టు తెచ్చాడు. అదే పుస్తకంలో తన 1897 లెక్కల్ని కూడా మళ్లీ సవరించుకున్నాడు. 1936 జులైలో వేల్స్‌లో కన్నుమూశాడు.