విముక్తి కథల రచయిత్రి వర్జీనియా హామిల్టన్

కొన్ని పేర్లు ఒక వంశం అనుభవించిన వేదనకూ, సాధించుకొన్న స్వేచ్ఛకూ గుర్తులుగా నిలుస్తాయి. సుప్రసిద్ధ ఆఫ్రికన్ అమెరికన్ నవలా రచయిత్రి వర్జీనియా హామిల్టన్ పేరు అటువంటిది. ఆమె మాతామహుడు లీవై పెర్రీ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో బానిసగా పుట్టాడు. బాల్యంలోనే ఆ చెర తప్పించుకొని ఒహాయో రాష్ట్రానికి చేరాడు. పారిపోయి వచ్చే బానిసలను దాచి, దారి చూపి, ముందుకు పంపే రహస్య సహాయకులు ఆనాడు ఉండేవారు. ఆ ఏర్పాటును భూగర్భ రైలుమార్గమని పిలిచేవారు. అందులో రైలూ లేదు, పట్టాలూ లేవు. ఉన్నదల్లా మనుషుల సాహసమే. పెర్రీ ఏటా తన బిడ్డలను కూర్చోబెట్టుకొని తాను తప్పించుకొన్న వైనాన్ని చెప్పేవాడు. ఆ దుస్థితి వారికెన్నడూ రాకూడదన్నదే ఆయన తపన. ఆయన విడిచివచ్చిన రాష్ట్రం పేరునే మనుమరాలికి పెట్టారు.

వర్జీనియా 1934 మార్చి 12న ఒహాయోలోని యెల్లో స్ప్రింగ్స్‌లో కెన్నెత్, ఎట్టా బెల్ హామిల్టన్ దంపతుల ఐదుగురు సంతానంలో కడగొట్టు బిడ్డగా జన్మించారు. వ్యవసాయంతో జీవించే ఆ ఇంట కథలకు కొదవ లేదు. విద్యార్థి వేతనంతో స్వగ్రామంలోని ఆంటియోక్ కళాశాలలోనూ, అనంతరం ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ ఆమె చదువుకొన్నారు. రచయిత్రి కావాలన్న సంకల్పంతో న్యూయార్క్ చేరి, గాయనిగా, లెక్కలు చూసే ఉద్యోగినిగా పనిచేస్తూ రచనాభ్యాసం సాగించారు. 1960లో కవి ఆర్నాల్డ్ అడాఫ్‌ను వివాహమాడారు.

ఆనాటి అమెరికా బాలసాహిత్యంలో నల్లజాతి పిల్లలు దాదాపు కనిపించేవారు కారు. 1962-64 మధ్య వెలువడిన 5,206 బాలల పుస్తకాలను నాన్సీ లారిక్ పరిశీలించగా, నల్లజాతివారికి చోటిచ్చినవి నూటికి ఏడైనా లేవని తేలింది. చదివే పుస్తకంలో తనవంటి ముఖం లేని బిడ్డ, లోకంలో తనకు స్థానం లేదని తలపోయడం సహజం. ఈ స్థితిలో 1967లో వర్జీనియా తొలి నవల ‘జీలీ’ వెలువడింది. పందులను మేపే ఒక పొడవాటి యువతిని ఆఫ్రికా దేశపు రాణిగా ఊహించుకొన్న బాలిక, గౌరవం పుట్టుకలో లేదనీ, వ్యక్తిత్వంలో ఉందనీ గ్రహించడమే అందులోని ఇతివృత్తం.

1974లో వచ్చిన ‘ఎమ్.సి. హిగ్గిన్స్, ది గ్రేట్’ ఆమె కీర్తిని సుస్థిరం చేసింది. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ముత్తవ్వ శారా ఆశ్రయం పొందిన కొండ మీద ఒక కుటుంబం నివసిస్తుంది. బొగ్గు కోసం కొండను తవ్విపోసిన మట్టి దిబ్బ వారి ఇంటి మీదికి జారివస్తుంది. ప్రాణభయంతో కొండను విడవాలా, పూర్వుల నేలను అంటిపెట్టుకొని ఉండాలా అన్నది ఆ బాలుని సంఘర్షణ. చివరకు అతడు ఇంటికీ ఆ దిబ్బకూ నడుమ తన చేతులతో గోడ కట్టడం ప్రారంభిస్తాడు. ఈ నవలకు 1975లో న్యూబెరీ పతకం లభించింది. 1922 నుంచి ఇస్తున్న ఆ పతకాన్ని పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ రచయిత ఆమెయే.

బానిసల నోళ్లలో బతికిన జానపద కథలను ఆమె 1985లో ‘ది పీపుల్ కుడ్ ఫ్లై’ పేరిట అందించారు. అందులోని ప్రధాన కథలో పొలాల్లో దెబ్బలు తింటున్న బానిసలు మరచిపోయిన మంత్రాక్షరాలు విని ఆకాశానికి ఎగిరిపోతారు. ఎగరలేనివారు నేల మీదనే మిగిలి, ఆ కథను తమ పిల్లలకు చెబుతారు. చదువు నిషిద్ధమైన జాతికి కథయే గ్రంథాలయమన్న సత్యం ఇందులో స్ఫురిస్తుంది. తన రచనలను ఆమె విముక్తి సాహిత్యంగా భావించారు.

1992లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం, 1995లో మెకార్థర్ ఫెలోషిప్ ఆమెను వరించాయి. ఆమె నగరాన్ని వీడి యెల్లో స్ప్రింగ్స్‌లో పూర్వుల భూమిలోనే ఇల్లు కట్టుకొని రచన సాగించారు. నలభైకి పైగా గ్రంథాలు రచించి, 2002 ఫిబ్రవరి 19న క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశారు. బానిసత్వపు గాయాన్ని దాచక, ద్వేషాన్ని నూరిపోయక, సత్యాన్ని పిల్లలకు అర్థమయ్యే కథగా చెప్పడమే ఆమె సాధించిన విజయం.