రాజ్యమునకై వేచిన కాపరి

సింహాసనమును ఆశించినవారు చరిత్రలో పెక్కుమంది కలరు. దానికొరకు తండ్రిని చెరపెట్టినవారును, తోడబుట్టినవారిని చంపించినవారును వారిలో కలరు. క్రీ. పూ. 1000 ప్రాంతమున ఇశ్రాయేలు ప్రజలను పాలించిన దావీదు చరిత్ర ఇందుకు భిన్నమైనది. తన ప్రాణము తీయజూచిన రాజు రెండు మారులు తన చేత చిక్కినను అతడు చంపక విడిచెను. గొల్యాతును గెలిచిన కథ బాలురందరును ఎరుగుదురు. దానికంటె గొప్ప విజయము ఇది.

దావీదు వృత్తాంతమునకు ముఖ్యాధారము హీబ్రూ బైబిలులోని సమూయేలు గ్రంథములు. ఇశ్రాయేలు ఉత్తర భాగమున తేల్ దాన్ అను చోట 1993లో దొరకిన క్రీ. పూ. 9వ శతాబ్దపు శిలాశాసన శకలమున దావీదు వంశము పేర్కొనబడినదని పండితులలో ఎక్కువమంది అభిప్రాయము.

యెరూషలేమునకు దక్షిణమున, కొలది దూరములోనున్న బేత్లెహేము అతని జన్మస్థలము. తండ్రి యెష్షయికి 8 మంది కుమారులు, దావీదు కడగొట్టువాడు. ఇశ్రాయేలునకు మొదటి రాజైన సౌలు దైవాజ్ఞను మీరుటచే, ప్రవక్తయైన సమూయేలు మరియొక రాజును వెదకుచు యెష్షయి ఇంటికి వచ్చెను. తండ్రి పెద్ద కుమారులను ఒక్కొక్కరిని ప్రవక్త ముందు నిలిపెను గాని, గొఱ్ఱెలు కాయుచున్న చిన్నవానిని పిలిపింపనైన తలపలేదు. సమూయేలు అతనినే రప్పించి తైలముతో అభిషేకించెను. అభిషేకము పొందిన ఆ బాలుడు మరల గొఱ్ఱెల యొద్దకే పోయెను. వాగ్దానము లభించిన దినమునకును, కిరీటము లభించిన దినమునకును నడుమ అనేక సంవత్సరములు గడచెను.

ఏలా లోయలో ఫిలిష్తీయ వీరుడు గొల్యాతు 40 దినములు ఇశ్రాయేలు సేనను ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. సౌలు తన కవచమును తొడిగింపగా, అలవాటులేనిదని దావీదు దానిని విడిచి, చేతికఱ్ఱయు, వడిసెలయు, వాగులో ఏరుకొన్న 5 నున్నని రాళ్లును మాత్రమే తీసికొనిపోయెను. అతని విశ్వాసము ఒక్కనాట పుట్టినది కాదు. మందపై బడిన సింహమును, ఎలుగుబంటిని ఒంటరిగా ఎదుర్కొన్న దినములలో, మెచ్చుకొనువారెవరును లేని చోట, అది పెరిగినది.

విజయముతో కీర్తి వచ్చెను. కీర్తితో రాజునకు అసూయ కలిగెను. తనకు వాద్యము వాయించి మనశ్శాంతి కలిగించిన యువకునిపైననే సౌలు ఈటె విసరెను. ఆశ్చర్యమేమనగా, సింహాసనమునకు వారసుడు కావలసిన రాజకుమారుడు యోనాతానే దావీదునకు ప్రాణమిత్రుడై అతనిని తప్పించెను. పారిపోవుచు దావీదు నోబులో యాజకుల యొద్ద రొట్టెలు పుచ్చుకొనెను. ఆ నేరమునకు సౌలు 85 మంది యాజకులను చంపించెను. వారి మరణమునకు తానే కారణమని దావీదు ఒప్పుకొనెను. అతని నిరీక్షణ సుఖమైనది కాదు. దాని మూల్యమును ఇతరులును చెల్లించిరి.

అదుల్లాము గుహలో అప్పులపాలైనవారు, కష్టములలోనున్నవారు, అసంతృప్తులు 400 మంది అతనిని చేరిరి. పిదప వారు 600 మందియైరి. మృతసముద్రపు పడమటి తీరమున, కొండల నడుమ నీటి ఊటలుగల ఎన్గెదీలో వారు దాగియుండగా, సౌలు 3,000 మందితో వెదకుచు వచ్చి, ఒంటరిగా ఒక గుహలో ప్రవేశించెను. ఆ గుహ లోపలి భాగముననే దావీదు ఉండెను. దైవమే శత్రువును అప్పగించెనని అనుచరులు ప్రేరేపించిరి. దావీదు నిశ్శబ్దముగా సమీపించి, రాజు వస్త్రపు చెంగును మాత్రము కోసెను. ఆ కొలదిపాటి పనికే అతని మనస్సు నొచ్చెను.

అనుచరుల వాదము తేలికైనది కాదు. రాజ్యము అతనికి వాగ్దానము చేయబడినది; సౌలు అన్యాయము చేయుచుండెను; అవకాశము తానై వచ్చెను. అయినను అవకాశము వేరు, ఆజ్ఞ వేరు అని దావీదు గ్రహించెను. దైవమిచ్చెదనన్న దానిని హత్యచే పొందినచో, అది దైవమిచ్చినది కాజాలదు. మరియొకనాటి రాత్రి జీపు అరణ్యమున నిద్రించుచున్న సౌలు తలాపి నుండి ఈటెను, నీళ్లబుడ్డిని మాత్రమే తీసికొనిపోయెను.

ఈ ఓర్పు అతనికి పుట్టుకతో వచ్చిన గుణమని తలపరాదు. నాబాలు అను ధనికుడు ఆహారమీయక అవమానింపగా, దావీదు కత్తి కట్టి 400 మందితో బయలుదేరెను. నాబాలు భార్య అబీగయీలు భోజన పదార్థములతో ఎదురువచ్చి, నిష్కారణముగా రక్తము చిందించినచో రేపు రాజైనప్పుడు అది మనస్సును బాధించునని బోధించెను. అతడు కృతజ్ఞతతో మరలిపోయెను. ఒకప్పుడు ధైర్యము సడలి, శత్రువులగు ఫిలిష్తీయుల దేశమున 16 నెలలు తలదాచుకొనెను. విశ్వాసియును తడబడును, తడబడినవాడు మరల నిలువవచ్చును.

గిల్బోవ కొండపై సౌలును, యోనాతానును యుద్ధమున మరణించిరి. సౌలును తానే చంపితినని కిరీటమును తెచ్చిన వానికి దావీదు బహుమానమీయలేదు, మరణదండన విధించెను. తనను వేటాడిన రాజు కొరకు విలపించెను. 30వ ఏట హెబ్రోనులో యూదా గోత్రమునకు రాజై, మరల ఏడున్నర సంవత్సరములు వేచెను. సౌలు కుమారుని చంపి తల తెచ్చిన ఇరువురిని కూడ శిక్షించెను. తుదకు గోత్రములన్నియు తామై వచ్చి అతనిని రాజుగా అంగీకరించెను. పిదప యెరూషలేమును రాజధానిగా జేసికొని 33 సంవత్సరములు పాలించెను.

ఇంతటి నిగ్రహపరుడును ఐశ్వర్యమున జారెను. బత్షెబను కోరి, ఆమె భర్త ఊరియాను యుద్ధమున చావునకు పంపెను. గుహలో రాజు ప్రాణమును కాపాడిన చేయియే మేడలో సేవకుని ప్రాణమును తీసెను. నాతాను ప్రవక్త ఎదుట నిలిచి మందలింపగా, దావీదు దండింపలేదు, తప్పు ఒప్పుకొనెను. అయినను ఆ పాప ఫలమును అతని కుటుంబము అనుభవించెను.

కావున ఓర్పు ఒకసారి నేర్చి దాచుకొను విద్య కాదు. లేమిలోను, కలిమిలోను నిత్యము అభ్యసింపవలసినది. న్యాయముగా మనకు రావలసిన దానిని సైతము అన్యాయముగా అందుకొనరాదు. విద్యార్థులకు దావీదు జీవితము నేర్పు పాఠము ఇదియే. గొల్యాతును పడగొట్టుటకు ఒక రాయి చాలెను. రాజు వస్త్రపు చెంగుతో తృప్తిపడి వెనుకకు మరలుటకు అంతకు మించిన బలము కావలసివచ్చెను.