దీనబంధు ఆండ్రూస్

ఖరగ్‌పూరు రైలు పట్టణమున తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములలో పెక్కింటి పూర్వికులు ఉత్తరాంధ్ర పల్లెలనుండి పనికొరకు వచ్చినవారు. ఆ దినములలోనే, అదే పేదరికమువలన, మరికొందరు తెలుగువారు మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాలునకు, ఫీజీకి పోయిరి. రైలు పనివానికి పని గిట్టనియెడల ఇంటికి మరలు త్రోవ యుండెను. ఓడ యెక్కిన వానికి అది లేదు. ఐదేండ్ల ఒప్పందమునకు లోబడిన పిమ్మట పని తప్పినవానికి జరిమానాయో చెరసాలయో ప్రాప్తించెడిది. 1834లో బ్రిటిషు వలసలలో బానిసత్వము చట్టరీత్యా రద్దయినను, దాని నీడ ఈ రూపమున నిలిచెను.

ఆ సంకెలను త్రెంచుటకు పాటుపడిన వారిలో చార్లెస్ ఫ్రీయర్ ఆండ్రూస్ ముఖ్యుడు. ఆయన 1871లో ఇంగ్లండునందలి న్యూకాజిల్‌లో జన్మించి, గురుపట్టము పొంది, 1904లో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ఉపాధ్యాయుడై వచ్చెను. 1914లో దక్షిణాఫ్రికాలో గాంధీగారిని కలిసికొని, వంగి ఆయన పాదములు తాకెను. అచ్చటి తెల్లవారు ఇందుకు ఆయనను నిందించిరి. ఆయన మాత్రము తన త్రోవ మార్చుకొనలేదు.

1915లో ఆయన మిత్రుడైన పియర్సన్‌తో ఫీజీ వెళ్లి, కూలీల నివాసములకు పోయి వారి బాధలు స్వయముగా వినెను. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీల చొప్పుననే ఓడలెక్కించుటవలన సంసారములు చెడి, హత్యలు, ఆత్మహత్యలు ప్రబలియుండెను. 1916లో వారిద్దరు ప్రకటించిన నివేదిక దేశమును కదిలించెను. 1917లో కూలీలను పంపుట ఆగెను. అయినను ఒప్పందము తీరనివారు బంధితులుగానే యుండిరి. అందుచేత ఆయన ఆ యేడే మరల ఫీజీకి వెళ్లెను. 1920 జనవరి 1న అచ్చటి ఒప్పందములన్నియు రద్దాయెను. ఫీజీకి కొనిపోబడిన అరువదివేల పైచిలుకు జనులలో దాదాపు పదునైదువేలమంది మద్రాసునుండి వెళ్లినవారు. వారిలో తెలుగువారును కలరు.

స్వదేశమునను ఇట్టి కట్టుబాటు లేకపోలేదు. 1921 మే నెలలో అస్సాము తేయాకు తోటలను వేలకొలది కూలీలు విడిచి, స్వగ్రామములకు బయలుదేరి చాందుపూరులో చిక్కుకొనిరి. రాత్రివేళ స్టేషనులో నిద్రించువారిని గూర్ఖా సిపాయిలు కొట్టిరి. కలరా వ్యాపించెను. ఆండ్రూస్ అచ్చటికి చేరి రోగులకు పరిచర్యచేయుచు, వారిని ఇండ్లకు చేర్చవలెనని ప్రభుత్వమును వేడుకొనెను. ఆ దీనుల పక్షమున అస్సాం బెంగాల్ రైల్వే కార్మికులు సమ్మె కట్టిరి.

1940 ఏప్రిల్ 5న ఆయన కలకత్తాలో ప్రభువునందు నిద్రించెను. ప్రజలు ఆయనకిచ్చిన బిరుదు దీనబంధు. బంధితుల విడుదలకొరకు ఆయన దూరమునుండి జాలిపడి ఊరకుండలేదు. వారున్న చోటికి వెళ్లెను, వారి నిందలో పాలుపొందెను. నచ్చని పనిని విడిచి ఇంటికి మరలగల స్వేచ్ఛ నేడు మనకు సామాన్యముగా తోచును. అది ఇంకను దొరకనివారు మన యిరుగుపొరుగున నున్నారేమో చూచి, వారి గడపకు వెళ్లుట ఆయన నేర్పిన పాఠము.