పంచాయతీని నమ్మిన కలెక్టరు: సర్ థామస్ మన్రో

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసివ్వమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు వారి మనసులో పుట్టపర్తి వారో, బ్రౌను దొరో ఉండి ఉంటారు. వారిద్దరి గురించీ మన సభల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. నేను ఎంచుకున్నది బ్రౌను కంటే ఇరవై ఏళ్లు ముందు ఈ నేల మీద డేరాలు వేసుకుని తిరిగిన థామస్ మన్రోను. 1820లో బ్రౌను అసిస్టెంటుగా కడపకు వచ్చేనాటికి మద్రాసు గవర్నరు ఈయనే. కొలువుకు వచ్చే తెల్లవాళ్లు ఇక్కడి భాష నేర్చి తీరాలని పట్టుబట్టినవాడూ ఈయనే.

వలస పాలకుడి గురించి మన బడి పుస్తకంలో ఎందుకని కొందరు మిత్రులు అనుకోవచ్చు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా సోషల్ చెప్పాను. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఏ బడిలో ఉన్నా ఎనిమిదో తరగతి పిల్లలను ఏటా ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: మీ ఎమ్మెల్యే ఎవరు, మీ వార్డు మెంబరు ఎవరు అని. మొదటిదానికి క్లాసంతా చేతులెత్తేది. రెండోదానికి రెండు మూడు చేతులు లేచేవి. ఊరి పనిని ఊరే చూసుకోవాలన్న మాట మనకు పాఠ్యపుస్తకంలో మిగిలింది. ఆ మాటను రెండువందల ఏళ్ల కింద మన జిల్లాలో తిరిగి నేర్చుకుని, దానికోసం లండన్ దాకా వెళ్లి వాదించిన మనిషి మన్రో. ఎక్కడ గెలిచాడో, ఎక్కడ ఓడిపోయాడో చూస్తే మన సంగతి కూడా కొంత తెలుస్తుంది.

ఆయన 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతిని కుటుంబం చితికిపోయింది. చిన్నప్పుడు తట్టు పోసి మన్రోకు వినికిడి కొంత తగ్గింది. 1780లో, పద్దెనిమిదేళ్ల వయసులో, కంపెనీ సైన్యంలో మామూలు క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. హైదరలీ మీద, టిప్పు మీద జరిగిన యుద్ధాల్లో ఉన్నాడు. 1792లో బారామహల్‌లో, అంటే నేటి సేలం ప్రాంతంలో, రెవెన్యూ పనికి వేశారు. రైతు దగ్గర కూర్చుని లెక్క అడగడం అక్కడే అలవడింది. తర్వాత కొద్దికాలం కెనరాలో ఉన్నాడు.

1800 అక్టోబరులో నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి రాసిచ్చాడు. మనకు దత్త మండలాలన్న పేరు అప్పుడే పడింది. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభల్లో గానీ రాలేదు. ఈ దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చాడు. వయసు ముప్ఫై తొమ్మిది. కింద నలుగురు సబ్ కలెక్టర్లు. కడప వేరే జిల్లా అయింది ఆయన వెళ్లిపోయాక, 1808లో.

వచ్చేసరికి ఇక్కడ దాదాపు ఎనభైమంది పాళెగాళ్లు, వాళ్ల కింద ముప్ఫైవేల దాకా బంట్లు ఉన్నారు. శిస్తు ఎవరు వసూలు చేస్తే వాళ్లదే ఊరు. మన్రో వాళ్లను బంట్లను వదిలిపెట్టమన్నాడు, సర్కారుకు కట్టాల్సింది కట్టమన్నాడు. వినని వాళ్ల మీదికి పటాలాన్ని పంపించాడు. కోటలు పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లకు పింఛన్లు దక్కాయి. నొస్సం పాళెగాడి మనుమడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో ఎందుకు తిరగబడ్డాడో చెప్పుకోవాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి. ఆ కుటుంబాల వైపునుంచి చూస్తే మన్రో పుణ్యాత్ముడేమీ కాదు. రైతు వైపునుంచి చూస్తే మాత్రం అడిగేవాడు పదిమంది కాకుండా ఒక్కడయ్యాడు. రెండూ నిజమేనని నా అభిప్రాయం.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నింటికంటే నచ్చేది సర్వే. 1802లో కొలత తెలిసిన నలుగురు గుమాస్తాలతో మొదలై, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లతో కలిపి వందమంది దాకా పెరిగింది. 33 అడుగుల గొలుసు పట్టుకుని ఊరూరా, చేనూ చేనూ కొలిచారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరా. జమ్మలమడుగు నల్లరేగడి, పులివెందుల గరువు నేల, పెన్న, కుందూ ఒడ్డు మాగాణి ఒక్కటి కావు కదా. కొలతతో పని అయిపోదు, ఏ చేను ఏ తరమో తేల్చాలి. ఆ తరం కట్టే పనిని మన్రో ఒక్క సర్కారు ఉద్యోగికే వదల్లేదు. ఊరి రెడ్డి, కరణం, రైతులు కూర్చుని చెప్పిందాన్ని బట్టి కట్టించాడు. నా చేను మూడో తరమైతే పక్కవాడిది రెండో తరం ఎట్లా అయిందని అడిగే చోటు అది. ఎవరి చేను ఎంత పండుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. కాబట్టి అబద్ధం చెప్పినా పదిమందిలో చెప్పాలి. పదిమందిలో చెప్పడం కష్టం. నా లెక్కలో మన ఊళ్లలో జరిగిన మంచి పౌరశాస్త్రం పాఠాల్లో అదొకటి. ఆనాటి ఊళ్లలో అందరికీ సమానంగా నోరు ఉండేదని నేను అనడం లేదు. చేను లేనివాడికి, ఊరి బయట ఉంచిన మాల మాదిగలకు ఆ కూటంలో చోటు ఉండేది కాదు.

1806 నాటికి పని ముగిసింది. అంత కొలిచి శిస్తు కట్టించిన మనిషే 1807లో పై అధికారులకు రాస్తూ ఆ శిస్తు ఎక్కువని, మెట్టకూ మాగాణికీ నూటికి 25 వంతులు తగ్గించాలని, రైతు సొంత ఖర్చుతో తవ్వుకున్న బావుల కింద భూములకు ఇంకొంచెం ఎక్కువగా, మొత్తం 33 వంతుల దాకా తగ్గించాలని కోరాడు. అప్పటికి సర్కారు ఒప్పుకోలేదు. ఆయన సెలవు మీద ఇంగ్లండు వెళ్లగానే ఊళ్లకు ఊళ్లను మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గుత్తకు ఇచ్చేశారు. గుత్తదార్లు దివాలా తీశారు, రైతులు నలిగిపోయారు. మన్రో గవర్నరై తిరిగొచ్చాక గానీ రైతువారీ పద్ధతి, ఆ తగ్గింపు మళ్లీ రాలేదు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇష్టమైతే చేను చేసుకో, లేకపోతే వదిలేయ్ అన్నది కాగితం మీద రైతుకున్న స్వేచ్ఛ. తాసీల్దారు ముందు నిలబడ్డ రైతుకు ఆ స్వేచ్ఛ ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఏడేళ్లు ఇక్కడ తిరిగి ఆయన నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్పొచ్చు. తమ ఊరి వ్యవహారంలో తమకు పాలు లేకుండా చేస్తే మనుషులు చిన్నబోతారు, ఎంత న్యాయంగా పాలించినా ఆ లోటు తీరదు. 1813లో కంపెనీ చార్టరు తిరగరాసేటప్పుడు ఆయన పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాడు. హిందూదేశంతో నాగరికత వ్యాపారం చేస్తే లాభపడేది ఇంగ్లండేనన్న అర్థంలో ఆయనిచ్చిన జవాబు అక్కడ చాలామందిని నివ్వెరపరిచింది. 1814లో పెళ్లి చేసుకుని, న్యాయవ్యవస్థను సరిదిద్దే కమిషన్‌కు పెద్దగా మద్రాసు తిరిగొచ్చాడు. దాని ఫలితం 1816 రెగ్యులేషన్లు. పది రూపాయల లోపు తగవును ఊరి మునసబు తీర్చవచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే ఎంత పెద్ద తగవైనా ఊరి పంచాయతీ తీర్చవచ్చు. దూరాన ఉన్న జిల్లా కోర్టుకు, అర్థంకాని భాషకు, వకీలు ఫీజుకు బదులు రచ్చబండ.

ఆ పంచాయతీ నడవలేదు. కోర్టులకు వచ్చిన వేల దావాల పక్కన పంచాయతీకి వచ్చినవి చాలా కొద్ది. ఇద్దరూ ఒప్పుకోవాలన్న నిబంధనతో, ఓడిపోతానని తెలిసినవాడు ఒప్పుకోడు. పంచాయతీకి కూర్చునేవాడికి కూలి లేదు, పైగా పొలం పని చెడుతుంది. అన్నింటికంటే పెద్ద సంగతి ఇంకొకటి. పాతకాలం పంచాయతీ మాట చెల్లడానికి ఊరి పెద్దల పరువు, కులం కట్టు వెనక ఉండేవి. సర్కారు చట్టం రాసి ఇచ్చిన పంచాయతీకి సర్కారు ముద్ర తప్ప ఏమీ లేదు. ఊరు అడగకుండా పైనుంచి వచ్చిన అధికారాన్ని ఊరు తనదనుకోలేదు. మన్రోను మెచ్చుకునే చరిత్రకారులు ఈ భాగాన్ని తొందరగా దాటేస్తారు. నాకు ఆయన జీవితంలో ఇదే అసలు పాఠంగా తోస్తుంది.

1959లో మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ వచ్చింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. 1994 చట్టంలో గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలని రాశారు. మన్రో రెగ్యులేషన్ కంటే ఇది ఎన్నో రెట్లు మెరుగు, ఎందుకంటే ఆడవాళ్లకు, దళితులకు, చేను లేనివాళ్లకు కూడా అందులో ఓటూ కుర్చీ రెండూ ఉన్నాయి. కానీ గ్రామసభ రోజున ఎంతమంది వస్తున్నారో పల్లెల్లో పనిచేసిన టీచర్లందరికీ తెలుసు. సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. మన వైపు ఏకగ్రీవం అంటే గొప్పగా చెప్పుకుంటాం, సర్కారు బహుమానం కూడా ఇస్తుంది. అందరి మనసూ ఒక్కటై ఏకగ్రీవమైన ఊళ్లు ఉన్నాయి, కాదనను. రెండో నామినేషన్ వేసే ధైర్యం ఎవరికీ లేక ఏకగ్రీవమైన ఊళ్లూ ఉన్నాయి. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టడం నాకు మింగుడుపడదు.

1820 జూన్‌లో ఆయన మద్రాసు గవర్నరయ్యాడు. మనవాళ్లను పెద్ద ఉద్యోగాల్లోకి తీసుకోవాలని, వాళ్లు తమను తాము పాలించుకోగలిగిన రోజు ఇంగ్లీషువాళ్లు తప్పుకోవడమే ఇద్దరికీ మంచిదని 1824 డిసెంబరు 31న రాసిన మినిట్‌లో వాదించాడు. ఆనాటికి అది చాలా పెద్ద మాట. అదే మనిషి 1822లో పత్రికా స్వేచ్ఛను గట్టిగా వ్యతిరేకించాడు. పరాయి పాలన, స్వేచ్ఛగల పత్రిక ఒకే ఒరలో ఇమడవని ఆయన వాదం. వాదంలో తప్పు లేదు. రెండింట్లో దేన్ని వదులుకోవాలో తేల్చుకోవడంలో ఆయన కంపెనీ మనిషిగానే నిలిచాడు. పదిమంది కూర్చుని మాట్లాడుకోవాలి గానీ ఆ మాట అచ్చులో రాకూడదన్నమాట!

మన సంచిక చదివే ఉపాధ్యాయ మిత్రులకు ఇంకొక సంగతి చెప్పాలి. 1822 జూన్‌లో మన్రో జిల్లాలన్నిటినుంచీ బడుల లెక్క తెప్పించాడు. మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. ఇవి సర్కారు బడులు కావు, ఊరు పెట్టుకున్న వీధి బడులు, అరుగు బడులు. అయ్యవారికి ఊరే గింజలో, డబ్బో ఇచ్చుకునేది. ఆ లెక్క చూసి ఆయన 1826లో ప్రతి జిల్లాకూ రెండు పెద్ద బడులు, ప్రతి తాసీలుకూ ఒకటి చొప్పున మొత్తం 300 చిన్న బడులు పెట్టాలని, అయ్యవార్లను తయారుచేసే బడి ఒకటి మద్రాసులో ఉండాలని పథకం వేశాడు. తాసీలు అయ్యవారి జీతం నెలకు తొమ్మిది రూపాయలు. ఆ జీతానికి మంచి అయ్యవారు దొరకడం కష్టమే అయింది. ఆయన పోయిన పదేళ్లలోపే ఆ బడులు మూతపడ్డాయి. మన బడికి యాభై ఏళ్లు నిండాయంటే, నడిపించడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

పదవి దిగి ఇంటికి పోవాల్సిన సమయంలో, 1827 మే నెలాఖరులో, మన్రో దత్త మండలాలను చివరిసారి చూసి రావాలని బయలుదేరాడు. దారిలో కలరా ఉందని తెలిసీ ఆగలేదు. జూలై 6న కర్నూలు వైపు పత్తికొండలో డేరాలో ఉండగా కలరా సోకింది, ఆ రాత్రికే పోయాడు. వయసు అరవైఆరు. మరుసటి రోజు గుత్తిలో పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకుపోయారు. మౌంట్ రోడ్డులో గుర్రం మీద ఉన్న ఆయన విగ్రహాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు.

పులివెందుల వైపు వాళ్లు చెప్పే కథ వేరు. పాపాఘ్ని కొండలను చీల్చుకుని వచ్చే గండి దగ్గర, రాములవారి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఒకటి కంటికి కనబడకుండా వేలాడుతోందట. అది చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనిపిస్తుందట. మన్రో అటు పోతూ తలెత్తి, రెండు కొండల మధ్య ఆ బంగారు తోరణం ఎవరు కట్టారని అడిగాడట. పక్కనున్నవాళ్లకు ఏమీ కనిపించలేదు. వాళ్లలో ఒక ముసలాయన మాత్రం తల దించుకున్నాడట. జిల్లా గెజిటీరులోనూ ఈ కథ ఎక్కింది. కడప వైపు ఆయనను మాండవ్య ఋషి అవతారమన్నారు. అనంతపురం వైపు చాలాకాలం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పత్తికొండలో ఆయన పేరున సర్కారు ఒక తోపు వేయించి, మెట్ల బావి తవ్వించింది.