క్లూడో కర్త ఆంటొనీ ప్రాట్

చదరంగము, పచ్చీసు, వైకుంఠపాళి మన దేశమునుండి లోకమంతట వ్యాపించిన ఆటలు. వానిలో పచ్చీసు ఇంగ్లండు చేరి, కొలది మార్పులతో లూడో అను పేరు ధరించినది. ఆ పేరును తనలో కలుపుకొని 1949లో అచటనే మఱియొక ఆట వెలువడినది. అదియే క్లూడో. క్లూ అనగా ఆచూకీ. లాటిను భాషలో లూడో అనగా ఆడుచున్నానని అర్థము. పాచికల అదృష్టముకంటె ఆలోచనకు ఎక్కువ చోటిచ్చిన ఈ ఆటను కల్పించినవాడు ఆంటొనీ ఎర్నెస్టు ప్రాట్.

ఇతడు 1903లో బర్మింగ్‌హాము నగరమున జన్మించెను. అది లోహపు పనులకు పేరొందిన పట్టణము. బాల్యమున రసాయనశాస్త్రమునందు ఆసక్తి యున్నను, ఆ చదువు కొనసాగలేదు. సంగీతము అతనిని ఆకర్షించినది. హోటళ్లలోను, ఓడలలోను పియానో వాయించి జీవించెను. ఆ హోటళ్లలో అతిథులు రాత్రివేళ ఒక వేడుక జరుపుకొనెడివారు. ఒకరు హంతకుని వేషము వేయుదురు. ఒకరు కేకవేసి పడిపోవుదురు. తక్కినవారు దోషిని వెదకుదురు. అపరాధపరిశోధక నవలలను ప్రజలు విరగబడి చదువుచున్న రోజులవి.

1939లో యుద్ధము వచ్చినది. ప్రాట్ పియానో విడిచి, యుద్ధట్యాంకుల భాగములు చేయు కర్మాగారమున పనికి కుదిరెను. శత్రువిమానముల భయముచే రాత్రులందు ఊరంతయు దీపము లార్పెడివారు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడినపుడు విశాఖపట్టణము ఎఱిగిన భయమును బర్మింగ్‌హాము పెక్కుమారులు ఎఱిగినది. వీధులు చీకటి, విందులు లేవు, వినోదములు లేవు. ఆ చీకటి రాత్రులలో ప్రాట్‌నకు వెనుకటి వేడుక జ్ఞప్తికి వచ్చినది. ఇల్లు కదలకనే దానిని ఆడుకొను ఉపాయము ఆలోచించెను. భార్య ఎల్వా భవనపు పటమును చిత్రించినది. 1944 డిసెంబరు 1న అతడు పేటెంటునకు దరఖాస్తు చేసెను. లీడ్సు నగరములోని వాడింగ్టన్ సంస్థవారు ఆటను ఆడి చూచి, వెంటనే అంగీకరించిరి. కాని యుద్ధానంతరము ముడిసరకులు కఱవై, ఆట బజారునకు వచ్చుటకు నాలుగేండ్లు పట్టినది.

ఆట తీరు ఇది. ఒక భవనమున యజమాని హతుడైనాడు. అనుమానింపదగినవారు ఆరుగురు, ఆయుధములు ఆరు, గదులు తొమ్మిది. ఒక్కొక్క దానికి ఒక్కొక్కటిగ మొత్తము 21 చీట్లు. మూడు తెగలనుండి ఒక్కొక్క చీటిని ఎవరును చూడకుండ తీసి కవరులో నుంతురు. హంతకుడెవరు, ఆయుధమేది, గది యేది అను ప్రశ్నలకు జవాబు అందున్నది. ఈ జవాబు 324 విధములుగ ఉండవచ్చును. మిగిలిన 18 చీట్లను ఆటగాండ్రకు పంచుదురు.

ఆటగాడు పాచిక వేసి, తన కాయను నడిపి, ఒక గదిలో ప్రవేశించును. ఆ గదితోబాటు ఒక మనుష్యుని, ఒక ఆయుధమును పేర్కొనును. ఎడమవైపువాడు తన చేత ఆ మూటిలో ఏదైన నున్నచో, ఒక్కదానిని అడిగినవానికి మాత్రమే చూపవలెను. లేనిచో తరువాతివాని వంతు. చూచిన చీటి కవరులో లేదు గనుక, దానిని కాగితముపై కొట్టివేయవలెను.

ఇంతవఱకు పసివారికిని సుకరమే. ఆలోచన అవసరమగునది ఇకమీదట. తాను చూచినదానివలన గాక, చూడనిదానివలనను నేర్చుకొనువాడే గెలుచును. ఒకడు చూపజాలననుటచే, ఆ మూడు చీట్లును అతనియొద్ద లేవని తేలినది. ఇతరులు తమలో తాము చూపుకొన్నపుడు, అడిగిన మూటిలో రెండు మీ చేతనే యున్నచో, వారు చూపుకొన్నది మూడవదే. దానిని మీరు చూడనక్కఱలేదు. అయితే ఎదుటివారిని భ్రమింపజేయుటకు తన చేతిలోని చీట్లనే పేర్కొను గడుసువారు నుందురు. నిశ్చయము కలిగినపుడు నేరము మోపి, కవరు తెఱచి చూచుకొనవలెను. సరియైనచో గెలుపు. తప్పినచో ఇక గెలుచు అవకాశము లేదు. ఇతరు లడిగినపుడు చీట్లు చూపుచు కూర్చుండవలసినదే. తొందరపాటునకు తగిన శిక్ష!

ఆట దేశదేశముల వ్యాపించినది గాని, దాని కర్తకు ఆ వైభవము దక్కలేదు. విదేశములలోని హక్కులను ప్రాట్ 1953లో 5,000 పౌనులకు విక్రయించెను. కాలక్రమమున పేటెంటు గడువును తీరిపోయినది. ప్రతి ఇంటను అతని ఆట యుండెను; అతడెవరో పొరుగువారికైన తెలిసినది అరుదు. 1994లో బర్మింగ్‌హామున కన్నుమూయగా, లోకము గుర్తింపనే లేదు. రెండేండ్లకు, అనగా 1996లో, అమ్మకముల ఉత్సవ సందర్భమున వాడింగ్టన్‌వారు ప్రాట్ ఎచటనున్నాడో తెలుపుడని ప్రజలను కోరిరి. బ్రామ్స్‌గ్రోవ్ శ్మశానవాటిక నుండి జవాబు వచ్చినది. అచటి సమాధిశిలపై, పేరుతోబాటు, అతడు క్లూడో కర్త అని చెక్కియున్నది.

ఊహను చూచి సత్యమని నమ్మక, కానివానిని ఒక్కొక్కటిగ తొలగించి, మిగిలినదానిని గ్రహించుట శాస్త్రాభ్యాసమునకు మొదటి మెట్టు. ఉపాధ్యాయులు అట్టముక్కలతో ఈ ఆటను తరగతిలోనే సిద్ధపఱచవచ్చును. హత్య పిల్లలకు తగదనుకొన్నచో, పోయిన వస్తువును వెదకింపవచ్చును. తొమ్మిది గదులకు బదులు విశాఖలోనే ఓడరేవు, డాల్ఫిన్స్ నోస్ కొండ, ఉక్కు కర్మాగారము, సింహాచలము, కైలాసగిరి, ఋషికొండ, భీమునిపట్టణము, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల కలవు. పటము గీయుట పూర్తియైన పిదప, ఒక మూల ఆంటొనీ, ఎల్వా ప్రాట్ దంపతుల పేర్లు వ్రాయించుట మఱవరాదు.