చేతిపనికి బడిలో చోటిచ్చిన జాకీర్ హుస్సేన్

వాడపల్లి: అగస్త్యేశ్వరుని గుడి దగ్గర కృష్ణలో కలిసే మూసీ హైదరాబాదు నగరం నడుమ నుంచి పారి వస్తున్నదే. ఆ నగరంలోని బేగం బజారులో 1897 ఫిబ్రవరి 8న ఒక పఠాను వకీలు గారి ఇంట పుట్టిన పిల్లవాడు 1967లో భారత రాష్ట్రపతి అయ్యారు. ఆయనే డాక్టర్ జాకీర్ హుస్సేన్. రాష్ట్రపతి పదవి సంగతి అందరూ ఎరిగినదే. ఆ పదవులన్నిటికీ ముందు ఇరవై ఏళ్లకు పైగా ఆయన అరకొర జీతంతో ఒక విద్యాసంస్థను నడిపారనీ, అందులో చిన్నపిల్లల బడి మీదే ఎక్కువ ప్రాణం పెట్టుకున్నారనీ తెలిసినవారు తక్కువ.

నేడు ప్రాథమిక పాఠశాలల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. మార్కులు వేసే రోజు దగ్గర పడగానే పట్నం దుకాణాల్లో చార్టులు, థర్మోకోల్, రంగు కాగితాలు కొని తెస్తారు. రాత్రి అమ్మానాన్నలే కూర్చుని కత్తిరించి అతికిస్తారు. తెల్లవారి పిల్లవాడు దాని మీద తన పేరు రాసుకుని బడికి పట్టుకుపోతాడు. చేతిపని ఎప్పుడు చదువవుతుంది, ఎప్పుడు కాదు అన్న ప్రశ్నను జాకీర్ హుస్సేన్ 1937లోనే గాంధీజీ ఎదుట లేవనెత్తారు.

ఆయన తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తరప్రదేశ్‌లోని కాయంగంజ్ నుంచి వచ్చి హైదరాబాదులో వకాల్తు చేసి బాగా సంపాదించారు. 1907లో చిన్న వయసులోనే కన్నుమూశారు. అప్పటికి జాకీర్‌కు పదేళ్లు. కుటుంబం కాయంగంజ్‌కు తిరిగి వెళ్లింది. మరుసటి ఏడాదే, 1908 సెప్టెంబరులో, మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. 1911లో ప్లేగు తల్లిని కూడా తీసుకుపోయింది. తల్లీ తండ్రీ లేని ఆ కుర్రవాడు ఇటావా హైస్కూలులో, ఆ తర్వాత అలీగఢ్ కళాశాలలో చదువుకున్నారు.

1920లో గాంధీజీ అలీగఢ్ వచ్చి, సర్కారు సొమ్ముతో నడిచే కళాశాలలను విడిచి రమ్మని పిలుపునిచ్చారు. మంచి ఉద్యోగం చేతికందే వేళ జాకీర్ హుస్సేన్ ఆ పిలుపుకు తలవంచి బయటికి వచ్చారు. అలా వచ్చినవారి కోసం ఆ ఏడాది అక్టోబరు 29న ఏర్పడిందే జామియా మిలియా ఇస్లామియా. మొదట్లో అది గుడారాలలో నడిచింది.

అచ్చు అక్షరాలు పేర్చిన చేతులు

1922లో ఆయన జర్మనీ వెళ్లి బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు చేశారు. ఆ రోజుల్లోనే అక్కడి ఒక ముద్రణాలయంలో కంపోజింగు పని నేర్చుకుని గాలిబ్ కవితల పుస్తకానికి తన చేతులతో అక్షరాలు పేర్చారు. డాక్టరేటు చదివే మనిషి సీసపు అక్షరాల మసి అంటించుకోవడం అప్పట్లో వింతే.

మ్యూనిక్ నగరంలో బళ్లను సంస్కరించిన కెర్షెన్‌స్టయినర్ అనే పండితుని భావాలు ఆయన మనసుకు పట్టినవి కూడా అక్కడే. కెర్షెన్‌స్టయినర్ తరచు ఒక ఉదాహరణ చెప్పేవారు. గోరువంక జాతి పిట్టకు కొయ్యగూడు చేయమని పిల్లలకు పని ఇస్తారు. పలక ఎంత పొడవు కావాలి, ఎక్కడ కోయాలి అని పిల్లవాడు ముందుగా ఆలోచించుకోవాలి. ఆ తర్వాత కోసి బిగించాలి. అంచు కలవకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తనే వెతుక్కోవాలి. పంతులు చెప్పనక్కరలేదు, కొయ్యే చెబుతుంది. ఇంట్లో తండ్రి చేసి ఇచ్చిన గూటితో ఈ చదువు రాదు.

1926లో జాకీర్ హుస్సేన్ తిరిగి వచ్చేసరికి జామియా మూతపడే స్థితిలో ఉంది. 29 ఏళ్ల వయసులో ఆయన దాని బాధ్యత నెత్తిన వేసుకున్నారు. తర్వాత రెండేళ్లకు ఆయన, కొందరు అధ్యాపకులు కలిసి ఒక ప్రతిజ్ఞ చేశారు. నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా ఇరవై ఏళ్లు అక్కడే పని చేయాలని. ఆ జీతం కూడా నెలల తరబడి అందని రోజులున్నాయి.

జామియాలో పై తరగతులున్నా పేరు తెచ్చినది ప్రాథమిక పాఠశాలే. అబ్దుల్ గఫార్ ముధోలీ వంటి ఉపాధ్యాయుల చేతుల మీదుగా అక్కడ ప్రాజెక్టు పద్ధతి నడిచింది. పిల్లలకు సొంత బ్యాంకు ఉండేది, సొంత దుకాణం ఉండేది, కోళ్ల పెంపకం కూడా ఉండేది. వాటి జమాఖర్చులే వారికి లెక్కల పాఠం. జర్మనీ నుంచి వచ్చిన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే మహిళ పసిపిల్లల ఆలనా పాలనా చూసేవారు. ఆమె 1943లో మరణించారు.

1935 మార్చి 1న ఢిల్లీ దగ్గర ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. పెద్దపెద్దవారు ఉండగా బడిలో అందరికన్నా చిన్నవాడైన అబ్దుల్ అజీజ్ అనే విద్యార్థి చేత రాయి వేయించారు. పిల్లలు మాసిన బూట్లతో వస్తున్నారని ఒకనాడు జాకీర్ హుస్సేన్ తానే గేటు దగ్గర బ్రష్షు పట్టుకుని కూర్చుని వచ్చినవారి బూట్లు తుడిచారని కూడా చెబుతుంటారు.

ఆయనకు రెహానా అనే పసికూతురు ఉండేది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు మిఠాయి పంచుతున్న వేళ ఒకరు వచ్చి ఆ పాప చనిపోయిందని చెవిలో చెప్పారు. ఆయన ముఖం పాలిపోయింది గాని చెయ్యి ఆగలేదు. పంపకం పూర్తయిన తర్వాతే ఇంటికి వెళ్లారు. పిల్లల సంతోషాన్ని మధ్యలో చెరపడానికి మనసొప్పలేదని తర్వాత తెలిపారు. అనంతరం పిల్లల కోసం రాసిన కథలను ఆ పాప పేరుతోనే అచ్చు వేయించారు.

వార్ధాలో వాదన

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యా సదస్సు జరిగింది. ఏదైనా ఒక వృత్తి ద్వారా చదువు చెప్పాలని, పిల్లలు చేసిన సరుకు అమ్మకంతో బడి ఖర్చు గడవాలని గాంధీజీ ప్రతిపాదించారు. జాకీర్ హుస్సేన్ మొదటి మాటను మెచ్చుకున్నారు. అయితే ఈ పద్ధతి లోకానికి కొత్తది కాదని, అమెరికాలో ప్రాజెక్టు పద్ధతిగా ఉన్నదని నిర్మొహమాటంగా చెప్పారు. రెండో మాట దగ్గర హెచ్చరించారు. ఆదాయం మీద కన్ను పడితే పంతులు మేస్త్రీ అవుతాడని, పేదవాళ్ల పిల్లలు కూలీలవుతారని ఆయన భయం. గాంధీజీకి కోపం రాలేదు సరికదా, పాఠ్యప్రణాళిక తయారుచేసే సంఘానికి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు.

డిసెంబరు నాటికి నివేదిక సిద్ధమైంది. ఏడు నుంచి పద్నాలుగేళ్ల వరకు మాతృభాషలో నిర్బంధ విద్య. రోజుకు ఐదున్నర గంటల బడి. అందులో వృత్తి పనికి 3 గంటల 20 నిమిషాలు. సంగీతం, బొమ్మలు గీయడం, లెక్కలు మూడింటికీ కలిపి 40 నిమిషాలు. బొమ్మలకు తక్కువ సమయం ఇచ్చినట్టు కనిపిస్తుంది. కాని నివేదిక బొమ్మను చేతిపని నుంచి విడదీయలేదు. చెట్టునూ పిట్టనూ కంటితో పట్టి చూడడం, రంగుల తేడా గుర్తించడం, చేయబోయే వస్తువుకు ముందుగా కాగితం మీద కొలతలతో నమూనా గీసుకోవడం, ఇవన్నీ బొమ్మల పాఠంలోనివే. చెడిన సరుకును, వృథా అయిన నూలును కూడా పిల్లలు లెక్క కట్టాలి.

ఈ విధానమే మౌలిక విద్యగా, బేసిక్ స్కూళ్లుగా తెలుగు జిల్లాలకూ వచ్చింది. ఆనాడు బేసిక్ ట్రైనింగు అయిన పంతుళ్లకు తకిలీ, రాట్నం తెలియకుండా ఉండవు. అయితే చాలాచోట్ల తకిలీ తిరిగింది గాని దాని చుట్టూ పాఠం తిరగలేదు. నూలు ఒకవైపు, పుస్తకం ఒకవైపు అయిపోయాయి. ఈ తీరుపై జాకీర్ హుస్సేన్ తన అసంతృప్తిని దాచుకోలేదు. 1966లో కొఠారీ సంఘం నివేదిక వచ్చాక దాని స్థానంలో పని అనుభవం అన్న పేరు ముందుకొచ్చింది. వాడపల్లి ఏటి ఒండ్రుమట్టికి, ఊరి కుమ్మరి సారెకు, వడ్రంగి బాడిసెకు బడిలో చోటు కల్పించడానికి ఆ నివేదికల్లో దేనిలోనూ అడ్డు లేదు. దుకాణంలో కొన్న థర్మోకోల్ కంటే అవి చవక కూడా.

ఆ తర్వాతి పదవులు వరుసగా వచ్చాయి. 1948 నుంచి 1956 వరకు అలీగఢ్ విశ్వవిద్యాలయ ఉపకులపతి, 1957 నుంచి 1962 వరకు బీహారు గవర్నరు, ఆపై ఉపరాష్ట్రపతి. 1963లో భారతరత్న. 1967 మే 13న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. రాష్ట్రపతి భవనంలో గులాబీలు పెంచడం, రకరకాల రాళ్లు సేకరించడం ఆయనకు ఇష్టమైన వ్యాపకాలు.

1969 మే 3న పదవిలో ఉండగానే ఢిల్లీలో మరణించారు. రాష్ట్రపతి పదవిలో ఉండి కన్నుమూసినవారిలో ఆయనే మొదటివారు. ఓఖ్లాలో, జామియా ఆవరణలోనే ఆయనను సమాధి చేశారు.