తేయాకు జాడ చెప్పిన మణిరామ్ దివాన్

ఏటా మే 21వ తేదీని ప్రపంచ దేశాలు అంతర్జాతీయ టీ దినోత్సవంగా పాటిస్తున్నాయి. భారతదేశం చొరవతో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2019 డిసెంబరులో ఈ తేదీని ఖరారు చేసింది. అంతకుముందు, 2005 నుంచి, తేయాకు పండించే దేశాల్లోని కార్మిక సంఘాలు డిసెంబరు 15న ఈ దినోత్సవాన్ని జరుపుకొనేవి. తేదీ ఏదైనా, భారతదేశంలో టీ ప్రస్తావన వస్తే మొదట గుర్తుకు వచ్చేది అస్సామే. దేశంలో పండే తేయాకులో దాదాపు సగం ఆ రాష్ట్రంలోనే పండుతుంది.

ఆ అస్సాం తేయాకు జాడను ఆంగ్లేయులకు తెలియజేసిన వ్యక్తి, వారి కంపెనీలో దివానుగా పనిచేసిన వ్యక్తి, ఆ కొలువు వదులుకుని సొంత తోటలు వేసి భారతీయుల్లో తొలి తేయాకు వ్యాపారిగా నిలిచిన వ్యక్తి, చివరకు ఆ ఆంగ్లేయుల చేతిలోనే ఉరికంబం ఎక్కిన వ్యక్తి ఒక్కరే. ఆయన అసలు పేరు మణిరామ్ దత్త బరువా. చరిత్రలో నిలిచిన పేరు మణిరామ్ దివాన్.

యుద్ధాల నడుమ బాల్యం

మణిరామ్ 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో జన్మించారు. ఏప్రిల్ 17ను ఆయన జయంతిగా పాటిస్తారు. పూర్వీకులు కన్నౌజ్ ప్రాంతం నుంచి వచ్చి అస్సాంలో స్థిరపడి, ఆహోమ్ రాజుల ఆస్థానంలో ఉన్నత పదవులు నిర్వహించారు. బ్రహ్మపుత్ర లోయను 1228 నుంచి సుమారు ఆరు వందల ఏళ్లు పాలించిన ఆహోమ్ రాజ్యం అప్పటికే అంతఃకలహాలతో బలహీనపడింది. 1817లో మొదలైన బర్మా సేనల దండయాత్రలు దానిని మరింత కుంగదీశాయి. ఊళ్లు తగలబడ్డాయి. వేలాది కుటుంబాలు ఇల్లూవాకిలీ విడిచి బెంగాల్ వైపు తరలిపోయాయి. మణిరామ్ కుటుంబం కూడా అలా తరలివెళ్లి ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతంలో తలదాచుకుంది.

బర్మాతో యుద్ధానికి దిగిన కంపెనీ సేనలతో పాటు ఆ కుటుంబం తిరిగి స్వస్థలానికి చేరింది. 1826 ఫిబ్రవరి 24న కుదిరిన యాండబో ఒప్పందంతో బర్మా రాజు అస్సాంపై హక్కు వదులుకున్నాడు. పీడ విరగడైందని జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆంగ్లేయులను రక్షకులుగా భావించినవారిలో యువకుడైన మణిరామ్ కూడా ఒకరు. స్థానిక భాష, భూముల లెక్కలు, పాత ఆస్థానపు ఆనుపానులు తెలిసిన అలాంటి యువకుల అవసరం కంపెనీకి ఉంది. 1828లో ఆయనను ఆహోమ్‌ల పాత రాజధాని రంగపురానికి తహసీల్దారుగా, శిరస్తాదారుగా నియమించారు. నేటి శివసాగర్ పట్టణం చెంతనే ఉన్న ఆ రంగపురంలో ఆయన ఉద్యోగ జీవితం మొదలైంది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే కొందరు ఆహోమ్ ప్రముఖులు కంపెనీపై తిరుగుబాటు చేసి ఓడిపోయారు. మణిరామ్ మాత్రం కంపెనీ పక్షాన్నే నిలిచారు.

1833లో ఆంగ్లేయులు ఎగువ అస్సాంను ఏడాదికి 50 వేల రూపాయల కప్పం చెల్లించే షరతుపై ఆహోమ్ వంశీయుడైన పురందర సింహకు అప్పగించారు. ఆయన ఆస్థానంలో మణిరామ్ బర్‌భండార్ పదవి స్వీకరించి రాజుకు ముఖ్య సలహాదారుగా వ్యవహరించారు. కప్పం బకాయిల కారణం చూపి 1838లో కంపెనీ ఆ రాజ్యాన్ని తిరిగి తన పాలనలో కలిపేసుకుంది. రాజుపై మణిరామ్ చూపిన విధేయత మాత్రం ఆ వంశంలోని తర్వాతి తరాల వరకూ కొనసాగింది. అదే సంవత్సరం ఆయన అస్సామీ భాషలో బురంజీ వివేక రత్న పేరుతో చరిత్ర గ్రంథం రచించారు. రాజవంశాల వృత్తాంతాలను నమోదు చేసే గ్రంథాలను అస్సాంలో బురంజీలు అంటారు.

అడవిలో దొరికిన సంపద

అస్సాం తూర్పు కొండల్లో నివసించే సింగ్‌ఫో తెగవారికి తేయాకు కొత్త వస్తువు కాదు. అడవిలో పెరిగే చెట్ల ఆకును కోసి, వేడిచేసి, ఎండబెట్టి, వెదురు గొట్టాల్లో దట్టించి, పొగపై ఆరబెట్టి ఏడాది పొడవునా వాడుకునేవారు. ఈ సంగతి బయటి ప్రపంచానికి తెలియదు. 1823 ప్రాంతంలో స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ బ్రూస్ అనే వర్తకుడికి ఈ విషయం చెప్పి, సింగ్‌ఫో నాయకుడైన బీసా గామ్ వద్దకు దారి చూపినది మణిరామే. రాబర్ట్ మరుసటి ఏడాదే మరణించాడు. ఆయన సోదరుడు చార్లెస్ అలెగ్జాండర్ బ్రూస్ ఆ అన్వేషణను కొనసాగించాడు.

పదేళ్ల పాటు కంపెనీ దానిపై పెద్దగా ఆసక్తి చూపలేదు. చైనా తేయాకు వ్యాపారంపై తన గుత్తాధిపత్యం 1833లో రద్దు కావడంతో పరిస్థితి మారింది. సొంత నేలపై తేయాకు పండించడం ఇంగ్లండుకు అవసరమైంది. 1834లో గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ తేయాకు సంఘాన్ని నియమించారు. వృక్షశాస్త్రవేత్త నథానియల్ వాలిచ్ బృందం అస్సాం వచ్చినప్పుడు పురందర సింహ తరఫున మణిరామ్ వారిని కలిసి, ఈ నేల తేయాకు సాగుకు ఎంత అనువైనదో వివరించారు.

1839 జనవరి 10న లండన్‌లో 8 పెట్టెల అస్సాం తేయాకును వేలం వేశారు. కొనుగోలుదారులు ఎగబడి ధర పెంచారు. కొద్ది వారాల్లోనే అక్కడ అస్సాం కంపెనీ ఆవిర్భవించింది. నాజిరా కేంద్రంగా పనిచేసిన ఆ సంస్థలో మణిరామ్ నెలకు 200 రూపాయల జీతంపై దివానుగా చేరారు. అడవులు నరికించడం, కూలీలను కుదర్చడం, స్థానిక పెద్దలతో మాట్లాడటం, లెక్కలు చూడటం ఆయన బాధ్యతలు. తోటల పెంపకంలోని మెళకువలన్నీ ఆయన అక్కడే నేర్చుకున్నారు. పేరు పక్కన దివాన్ అన్న మాట శాశ్వతంగా చేరినది కూడా అప్పుడే.

సొంత తోటలు, సొంత కష్టాలు

1840వ దశకం మధ్యలో మణిరామ్ ఆ ఉద్యోగం విడిచిపెట్టారు. జోర్హాట్ సమీపంలోని సిన్నమారాలో ఒక తోట, శివసాగర్ ప్రాంతంలోని సెలుంగ్‌లో మరొక తోట సొంతంగా వేశారు. వ్యాపార సరళిలో తేయాకు సాగుచేసిన తొలి భారతీయుడిగా ఆయనకు గుర్తింపు వచ్చింది. అయితే ఈ ప్రయత్నం సమాన పోటీగా సాగలేదు. 1838లో ప్రభుత్వం రూపొందించిన బంజరు భూముల నిబంధనలు వంద ఎకరాలకు తక్కువ కాకుండా భూమి తీసుకుని, తగిన పెట్టుబడి చూపగలిగినవారికే ఉదారంగా రాయితీలు ఇచ్చాయి. ఆచరణలో వాటిని అందుకున్నది ఐరోపావాసులే. తేయాకు జాడ చెప్పిన వ్యక్తి తన నేలపై తోట వేసుకునేటప్పుడు ఆ రాయితీలకు నోచుకోలేదు. తెల్లదొరలకు ఇది తమ గుత్త వ్యాపారంలోకి చొరబాటుగా కనిపించింది.

మణిరామ్ కేవలం తేయాకుతో ఆగిపోలేదు. ఇనుము కరిగించడం, ఉప్పు తయారీ, బంగారు రేణువుల సేకరణ, చేనేత, పడవల నిర్మాణం, ఇటుకల బట్టీలు, కంచు సామాను, దంతపు పనులు, బొగ్గు, ఏనుగుల సరఫరా వంటి అనేక వృత్తులు, వ్యాపారాలు నిర్వహించారు. నాగాహాట్, బర్‌హాట్, గారోహాట్ వంటి సంతలు నెలకొల్పి కొండజాతులకు, మైదానవాసులకు మధ్య వర్తకానికి బాట వేశారు.

1851లో ఒక తోట విషయమై తలెత్తిన వివాదంలో శివసాగర్ జిల్లా అధికారి కెప్టెన్ చార్లెస్ హోల్‌రాయిడ్ ఆయనకున్న సదుపాయాలన్నిటినీ రద్దుచేశాడు. 185 మంది సభ్యులున్న ఆ పెద్ద కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. పాతికేళ్లు కంపెనీని నమ్మి నడిచిన మణిరామ్ మనసు అప్పటికి పూర్తిగా విరిగిపోయింది.

1853లో అస్సాం పరిపాలనను పరిశీలించేందుకు కలకత్తా సదర్ న్యాయస్థానం న్యాయమూర్తి మోఫాట్ మిల్స్ వచ్చినప్పుడు మణిరామ్ ఆయనకు సుదీర్ఘమైన వినతిపత్రం సమర్పించారు. పన్నుల భారాన్ని, విచ్చలవిడిగా సాగుతున్న నల్లమందు అమ్మకాలను, కామాఖ్య ఆలయంలో నిలిచిపోయిన పూజలను, స్థానికులను కాదని బయటివారికి రెవెన్యూ కొలువులు కట్టబెట్టడాన్ని అందులో ఎండగట్టారు. ఆహోమ్ రాజ్యాన్ని పునరుద్ధరించాలని కోరారు. అదే పత్రంలో మరొక కోణం కూడా ఉంది. ఒకప్పుడు నాగలి పట్టి ఎరుగని, బరువు మోసి ఎరుగని కులీన కుటుంబాలు ఆ పనులు చేయవలసి వచ్చిందని ఆయన వాపోయారు. సేవకులను, వెట్టి శ్రమను కోల్పోయిన ఉన్నత వర్గపు వేదన ఆ వాక్యాల్లో దాగి లేదు. మణిరామ్ కోరినది నేటి అర్థంలో ప్రజాస్వామ్యం కాదు, పోయిన రాజ్యం. ఆ పరిమితి ఉన్నా, పరాయి పాలన అస్సాం సంపదను ఎలా తరలించుకుపోతున్నదో ఆయన వివరించినంత సమగ్రంగా ఆనాడు వివరించినవారు అరుదు. మిల్స్ ఆ విన్నపాన్ని ఒక అసంతృప్తుడి గోడుగా భావించి పక్కన పెట్టారు.

కలకత్తా ప్రయాణం, జోర్హాట్ ఉరికంబం

1857 వసంతంలో మణిరామ్ పురందర సింహ మనుమడైన కందర్పేశ్వర సింహ తరఫున కలకత్తా వెళ్లారు. ఆ యువరాజుకు సింహాసనం అప్పగించాలని కోరుతూ మే 6న ప్రభుత్వానికి అర్జీ సమర్పించారు. మరో నాలుగు రోజులకే, మే 10న, మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. అర్జీలతో రానిది ఇప్పుడు ఆయుధంతో వస్తుందన్న ఆశ మణిరామ్‌లో మొలకెత్తింది.

కలకత్తా నుంచి ఆయన రహస్యంగా జోర్హాట్‌కు లేఖలు పంపసాగారు. యువరాజు సలహాదారు పియాలీ బరువా ఆ వ్యవహారాన్ని అక్కడ నడిపారు. దిబ్రూగఢ్, గోలాఘాట్ దళాల్లో బీహారులోని షాహాబాద్ ప్రాంతానికి చెందిన సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ ప్రాంతంలో వీర కున్వర్ సింగ్ పోరు సాగిస్తున్నారన్న వార్త వారిని కదిలించింది. సిపాయిల సాయంతో కందర్పేశ్వరుని సింహాసనంపై కూర్చోబెట్టాలన్నది పథకం. దుర్గాపూజ నాటికి సేనలు జోర్హాట్ చేరుకోవాలని అనుకున్నారు. ముహూర్తానికి ముందే గుట్టు బయటపడింది. లేఖలు ఆంగ్లేయుల చేతికి చిక్కాయి. జోర్హాట్‌లో యువరాజును, కలకత్తాలో మణిరామ్‌ను బంధించారు.

విచారణ జరిపే ప్రత్యేక కమిషనర్‌గా ప్రభుత్వం నియమించినది మరెవరినో కాదు, ఆరేళ్ల కిందట మణిరామ్ ఆస్తులపై వేటు వేసిన హోల్‌రాయిడ్‌నే. ఫిర్యాదుకు కారకుడే న్యాయపీఠం ఎక్కాడు. 1857 నాటి ప్రత్యేక చట్టం కింద ఆయన తీర్పే తుది తీర్పు. అప్పీలుకు తావు లేదు. 1858 ఫిబ్రవరి 26న జోర్హాట్‌లో మణిరామ్ దివాన్‌ను, పియాలీ బరువాను బహిరంగంగా ఉరితీశారు. వారి సహచరుల్లో కొందరికి ద్వీపాంతరవాసం విధించారు. సిన్నమారా, సెలుంగ్ తోటలను ప్రభుత్వం జప్తు చేసి వేలం వేసింది. వాటిని కొనుగోలు చేసినది జార్జ్ విలియమ్సన్ అనే ఆంగ్లేయుడు.

తోటల తర్వాతి కథ

మణిరామ్ మరణం తర్వాత అస్సాం తేయాకు సాగు ఊహకందని వేగంతో విస్తరించింది. స్థానికంగా కూలీలు చాలకపోవడంతో తోటల యజమానులు ఛోటానాగపూర్, ఒడిశా ప్రాంతాల నుంచి, మద్రాసు రాష్ట్రంలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలను తరలించారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి నేటికీ అస్సాం తోటల్లో, చుట్టుపక్కల పల్లెల్లో నివసిస్తున్నది. మణిరామ్ కాలంలో లండన్ వేలం కోసమే పండిన ఆకును ఇప్పుడు అత్యధిక భాగం భారతీయులే తాగుతున్నారు.

అస్సాం పల్లెల్లో మణిరామ్ దివాన్ గీతాలు తరతరాలుగా వినిపిస్తూనే ఉన్నాయి. ఆయన జీవితంపై 1963లో వచ్చిన అస్సామీ చలనచిత్రానికి భూపేన్ హజారికా సంగీతం అందించారు. గువాహటిలోని ప్రభుత్వ వాణిజ్య ప్రదర్శన ప్రాంగణానికి మణిరామ్ దివాన్ పేరే పెట్టారు. 2012 ఏప్రిల్‌లో జోర్హాట్ వచ్చిన అప్పటి ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు మాంటెక్ సింగ్ అహ్లూవాలియా, మరుసటి ఏడాది మణిరామ్ జయంతి నాటికి టీని జాతీయ పానీయంగా ప్రకటిస్తామని చెప్పారు. ఆ ప్రకటన కార్యరూపం దాల్చలేదు.

సిన్నమారా తోట మాత్రం నిలిచింది. వేలంలో పరాయి చేతికి వెళ్లిన ఆ నేల, స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత అస్సాం రాష్ట్ర ప్రభుత్వ తేయాకు సంస్థ అధీనంలోకి వచ్చింది. మణిరామ్‌ను ఉరితీసిన జోర్హాట్ పట్టణం చెంతనే, ఆయన నాటించిన తోటలో ఇప్పటికీ ఏటా వసంతంలో కొత్త చివుళ్లు కోస్తున్నారు.